చెరువుకు ఓటేయగలమా?

హైదరాబాద్‌లోని కాప్రా ఓటరు ఉప్పల్ ఎమ్మెల్యేను, మల్కాజిగిరి ఎంపీని ఎన్నుకోవచ్చు. ‘మా చెరువు జోలికి రావద్దు’ అని మాత్రం ఓటు వేయలేడు. చెరువో పార్కు స్థలమో కబ్జా అవుతోందంటే చేతిలో మిగిలేది అర్జీ. సోమవారం ప్రజావాణికి పోవాలి, బుద్ధభవన్‌లో, కబ్జాలు తొలగించే హైడ్రా ముందు నిలబడాలి, లేదంటే హైకోర్టులో పిల్ వేయాలి.

బెర్లిన్ వాసులకు ఆ ఓటుంది. మూతపడిన టెంపెల్‌హోఫ్ విమానాశ్రయం స్థలం 300 హెక్టార్లకు పైమాటే. దాని అంచుల్లో భవనాలు కడతామని నగర ప్రభుత్వం అన్నప్పుడు జనం సంతకాలు సేకరించి, 2014 మే 25న ఓటింగ్ పెట్టించారు. 64 శాతం మంది వద్దన్నారు. అదే చట్టమైంది. రెండేళ్లు తిరక్కుండానే శరణార్థుల వసతి కోసం శాసనసభ ఆ చట్టాన్ని సవరించింది. అవసరం నిజమైనదే, కానీ జనం ఓటుతో తెచ్చుకున్న రక్షణ ఎంత పలచనో అప్పుడే తెలిసింది. స్విట్జర్లాండ్‌లో 1987లో రోథెన్‌తుర్మ్ చిత్తడి నేలల కోసం వేసిన ఓటు ఏకంగా రాజ్యాంగంలోకి ఎక్కింది.

మన దగ్గర దీనికి సాటి వచ్చేది ఒడిశాలోని నియమగిరి. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో 12 గ్రామసభలు కూర్చున్నాయి, పన్నెండూ బాక్సైట్ గనిని కాదన్నాయి. కాప్రాకు ఆ దారి లేదు. ఊరు మున్సిపాలిటీ అయింది, 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసింది. 2008లో చట్టం సవరించి ఏరియా సభలు పెట్టారు గానీ, వాటికి చెప్పుకునే హక్కే తప్ప ఆపే హక్కు లేదు.

సరే, రేపు ఓటు ఇచ్చారే అనుకుందాం. ప్రశ్న ఏమని రాస్తారు? ‘చెరువును కాపాడాలా?’ అంటే కాదనేదెవరు? తగవంతా హద్దు దగ్గరే. ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు, ఎక్కడిదాకా? దాని అవతల ఏమీ కట్టకూడని బఫర్ ఎక్కడిదాకా? 2012 నాటి 168 జీవో ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు బఫర్ 30 మీటర్లు, చిన్నవాటికి 9. హైదరాబాద్ చెరువుల్లో చాలాచోట్ల శిఖం పట్టాలున్నాయి. నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవచ్చు, ఇల్లు కట్టకూడదు. ఆ నేలనే ఎవరో ప్లాట్లు చేసి అమ్మితే, అప్పు చేసి కొనుక్కున్న చిరుద్యోగీ ఓటరే. సొంతింటికి వ్యతిరేకంగా ఓటెయ్యమని ఆయన్ను ఏ ముఖంతో అడుగుతాం? లేఅవుట్ వేసినవాడు డబ్బు తీసుకుని ఎప్పుడో వెళ్లిపోయాడు. పైగా మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు పూడిస్తే మునిగేది కిందివాళ్లు. వాళ్లకు ఓటు లేకపోతే ఎలా?

అందుకే చెరువు ఉండాలా వద్దా అన్నదాని మీద ఓటు అడగడం నాకు సమ్మతం కాదు. ఊరుమ్మడి భూముల ఆక్రమణలను క్రమబద్ధీకరించకూడదని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులోనే చెప్పింది. కావలసిన ఓటు వేరు. ప్రభుత్వ స్థలాన్ని వేలం వేయాలన్నా, ఎవరికైనా కేటాయించాలన్నా, వాడకం మార్చాలన్నా ముందుగా ఏరియా సభ ఒప్పుకోవాలి. ప్రభుత్వం వేలం వేయాలనుకున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల విషయంలో 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించే సరికే ఎన్నో చెట్లు నేలకూలాయి. ముందే అడిగి ఉంటే ఆ గొడవ చెట్లు నిలబడి ఉండగానే జరిగేది.

ఆ సభ తెలిసి నిర్ణయించాలంటే, చెరువు హద్దుల తుది నోటిఫికేషన్ మ్యాపును సర్వే నంబర్లతో సహా వార్డు ఆఫీసు గోడకు అంటించాలి. చెరువు చుట్టూ హద్దురాళ్లు పాతాలి. ఈ రెండు పనులకు కొత్త చట్టమేమీ అక్కర్లేదు.