రాపూరు కనుమ: ఉప్పు దాటిన కొండ

నెల్లూరు మైదానమునకు పడమటి దిక్కున వెలిగొండలు ఉత్తర దక్షిణములుగా గోడవలె సాగియున్నవి. గోడకు ఆవల కడప సీమ. దీనిని దాటుటకు ప్రకృతి రెండు విధములగు త్రోవల నిచ్చినది. సోమశిలయొద్ద పెన్నానది కొండను నిలువున కోసికొని వచ్చినది. దానిని గండి యందురు. రెండు శిఖరముల నడుమ కొండ వీపు కొంత వంగినచో అది కనుమ. రాపూరునుండి చిట్వేలికి పోవు దారి ఈ రెండవ తెగకు చెందినది. గండిలో నీరు కొండకు ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు పారును. కనుమపై కురిసిన వాన రెండుగా చీలి, కొంత తూర్పునకు, కొంత పడమటికి జారును. తూర్పు కనుమలని పర్వతపంక్తికే పేరు పెట్టుకొన్నాము గాని, కనుమ యనగా నిజమునకు దారియే, కొండ కాదు.

వెలిగొండలలో హెచ్చుగా నున్నది కఠినమైన క్వార్ట్‌జైటు శిల. దీని వయస్సు నూరు కోట్ల సంవత్సరములకు పైమాట. ఈ శిల విరిగిన చోటులను, నడుమ నున్న మెత్తని పలకరాతిని వాన నీరు తొలిచివేయగా కొండలో పల్లములు ఏర్పడును. బాటసారి వెదకుకొనునది అట్టి పల్లమునే. నిట్టనిలువుగా ఎక్కిన బరువు మోయు పశువు నిలువలేదు. కావున పాతబాట ఏటవాలుగా, మలుపులు తిరుగుచు ఎక్కును.

ఆ పశువు ఏమి మోసెడిది? ముఖ్యముగా ఉప్పు. ఇసకపల్లి మొదలగు తీరగ్రామముల మడులలో పండిన ఉప్పును లంబాడీలు, ఎరుకలవారు పెరికెద్దులపైనను, గాడిదలపైనను వేసికొని, వెలిగొండల కనుమల మీదుగా లోపలి సీమలకు చేర్చి, మరలి వచ్చునప్పుడు ధాన్యము తెచ్చెడివారు. బండి ఎక్కలేని కొండను పెరికెద్దు ఎక్కును. వారి బ్రతుకంతయు ఆ ఒక్క సౌకర్యముపై నిలిచినది. ఎరుకలలో ఒక శాఖకు ‘ఉప్పు ఎరుకల’ యనియే పేరు.

1805లో కుంపిణీవారు మద్రాసు రాజధానిలో ఉప్పును తమ గుత్తకు తీసికొనిరి. 1860 దశకమున మద్రాసునుండి కోడూరు, రాజంపేటల మీదుగా కడపకు రైలు వచ్చెను. రైలుపెట్టెలో ఉప్పు చవుకగా దిగుచుండగా, కనుమ ఎక్కి దిగిన ఉప్పును కొనువారెవరు? ఎద్దులు పోయినవి, బేరము పోయినది, సంచారము మాత్రము మిగిలినది. ఆ సంచారమునే దొరతనమువారు అనుమానించిరి. 1911లో నేరజాతుల చట్టము మద్రాసు రాజధానికి వర్తించిన పిదప ఎరుకలవారు దాని పాలబడిరి. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన గ్రంథములో ఈ సంబంధమును విపులముగా చర్చించినారు. 1952లో దేశమంతట ఆ చట్టము రద్దయినది. రైలు రాకను కేవలము అభివృద్ధిగా వర్ణించు మన పాఠ్యపుస్తకములలో ఈ కథకు ఒక పుటయైనను దక్కవలసియున్నదని మా అభిప్రాయము.

రాపూరు కొండను రైలు దాటుటకు మరి యెంతో కాలము పట్టినది. ఓబులవారిపల్లె, వెంకటాచలముల నడుమ మార్గమున, చెర్లోపల్లి–రాపూరుల మధ్య, 6.6 కిలోమీటర్ల సొరంగమును తొలిచిరి. 2019 సెప్టెంబరు 1న అది ప్రారంభమయ్యెను. కృష్ణపట్టణము రేవు సరకులకు ఇది దగ్గరి దారి. రైలుకు కనుమతో పనిలేదు. కొండ కడుపులోనుండియే పోవును.

పైన కాలిబాట ఇష్టపడువారు నేడును కలరు. సమీపమున పెంచలకోనలో నరసింహస్వామి దర్శనమునకు కొండదారులను నడచి వచ్చు భక్తులు ఉన్నారు. కొండలెక్కుట వేడుకగా గల యువకులును ఉన్నారు. ఈ అడవులలో ఎర్రచందనము పెరుగును. ప్రపంచమున ఈ చెట్టు సహజముగా పెరుగు తావులు బహు స్వల్పము. పెనుసిల నరసింహ అభయారణ్యమును 1997లో ప్రకటించిరి. కావున అడవిలోనికి అడుగిడుటకు ముందు అటవీశాఖవారి అనుమతి పొందవలెను. ఈ సీమకు వానలో పెద్దపాలు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియును. ఆ నెలలలో రాళ్లు జారును, వాగులు హఠాత్తుగా పొంగును. జనవరి, ఫిబ్రవరులు నడకకు అనువైనవి. వేసవిలో వాగులు ఎండును గనుక త్రాగునీరు వెంట నుండవలెను.