గుడారం ఒడ్డున... పక్షులు దీవిలో!

సంక్రాంతి సెలవులు దగ్గరపడితే కోటబొమ్మాళిలో పిల్లలున్న ఇంట ఒకటే గోల. అరకు చూసేశాం, ఈసారి కొత్తచోటుకి తీసుకెళ్లమంటారు. టీవీలో చూపించినట్టు దీవిలో గుడారం వేసుకుని చుక్కలు లెక్కపెట్టాలని వాళ్ల ముచ్చట. అలాంటి దీవి మరీ దూరంలోనూ లేదు. రైలెక్కి పలాస, ఇచ్ఛాపురం, బరంపురం దాటితే కిటికీ పక్కనే చిల్కా సరస్సు! బాలుగావ్‌లో దిగితే బర్కుల్ పడవల రేవు దగ్గరే. అన్ని బళ్లూ రెండుచోట్లా ఆగవు కాబట్టి పలాసలో మారాల్సి రావచ్చు.

ఆ సరస్సు నడుమ ఉన్నదే నలబణ. 15.53 చదరపు కిలోమీటర్ల ఈ దీవిని 1987లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. వానాకాలంలో నీట మునిగి, చలికాలానికి మెల్లగా పైకి తేలుతుంది. ఆ బురదలో మేత కోసమే సైబీరియా వంటి చోట్ల నుంచి బాతులూ ఉల్లంకులూ మందలుగా వాలతాయి.

అక్కడ గుడారం వేద్దామంటే మాత్రం కుదరదు. అభయారణ్యంలోకి వెళ్లాలంటేనే అటవీశాఖ అనుమతి కావాలి. ఇది ఉత్త చాదస్తం కాదు. తిరిగి వేల కిలోమీటర్లు ఎగరాలంటే పక్షి ఒంట్లో కొవ్వు పట్టాలి. మనిషి అలికిడికి మంద లేచిన ప్రతిసారీ తిన్నదంతా రెక్కల కష్టానికే సరి!

కాబట్టి మకాం ఒడ్డునే. బర్కుల్, రంభల్లో ఒడిశా పర్యాటక శాఖ పంథనివాస్‌లున్నాయి. సొంత గుడారమైతే ఎక్కడ వేయనిస్తారో ముందే కనుక్కోవాలి. అంతకంటే మంచిది మంగళజోడి. ఒకప్పుడు పక్షుల్ని వేటాడిన ఊరది. ఇప్పుడు ఆ ఊరివాళ్లే వాటికి కాపలా కాస్తూ, వచ్చినవాళ్లకు బస ఏర్పాటుచేసి, గెడలతో నడిపే పడవల్లో తిప్పుతున్నారు. ఇంజిను రొద లేకపోవడంతో పక్షులు బెదరక దగ్గర్లోనే మేస్తుంటాయి.

అక్టోబరులో మాత్రం వద్దు. 2018 అక్టోబరు 11న తిత్లీ ఏంచేసిందో సిక్కోలు వాళ్లకి వేరే చెప్పాలా? సంక్రాంతి నాడు చిల్కాలోని కాళీజాయి గుడికి జాతర జనం పోటెత్తుతారు, పడవలు దొరకడం కష్టం. పండగెళ్లాక వెళ్లడం నయం. అత్తింటికి వెళ్తూ గాలివానకు పడవ బోల్తాపడి చనిపోయిన పెళ్లికూతురే కాళీజాయి అయిందని అక్కడివాళ్లు చెబుతారు. చిల్కా లోతు తక్కువే అయినా గాలి లేస్తే అలలు తక్కువేం కావు. అందరికీ లైఫ్ జాకెట్లు ఉంటేనే పడవెక్కండి.

ముందుగా ఓ ఆదివారం టెక్కలి మండలం తేలినీలాపురం వెళ్లిరండి. చెట్ల మీద గూళ్లు కట్టుకున్న గూడబాతులనూ ఎర్రకాళ్ల కొంగలనూ చూస్తూ పిల్లలు గంటసేపు గొడవ చేయకుండా కూర్చోగలిగితే చిల్కాకు టిక్కెట్లు తీయొచ్చు. సంచిలో బైనాక్యులర్, దోమతెర, తాగునీళ్లు సర్దండి. ఎర్ర చొక్కాలు ఇంట్లోనే ఉంచేయండి.