తెరమీది నెత్తురు: చూడాలనే కోరిక, చూపే బాధ్యత

భయానక చిత్రాలలో ఒక శాఖ ప్రేక్షకుణ్ణి దయ్యాలతోనో, చీకటితోనో కాక, చీలిన మానవదేహంతో భయపెడుతుంది. తెగిన అవయవాలను, బయటపడిన పేగులను, ధారకట్టిన నెత్తురును దాచకుండా, కెమెరాను అక్కడే నిలిపి తీరికగా చూపించే ఈ పద్ధతిని సినీ పరిభాషలో గోర్ అంటారు. ఏవగింపు పుట్టించడమే పనిగా పెట్టుకున్న ఇలాంటి చిత్రాలకు డబ్బిచ్చి టికెట్టు కొనేవారు ఎందరున్నారో 2024 అక్టోబరులో అమెరికా మరోసారి చూసింది. డేమియన్ లియోన్ దర్శకత్వంలో, పెద్ద స్టూడియోల అండ లేకుండా, సుమారు 20 లక్షల డాలర్ల ఖర్చుతో తయారైన ‘టెరిఫైయర్ 3’ విడుదలైన వారాంతంలో అక్కడి వసూళ్లలో మొదటి స్థానంలో నిలిచింది. అదే చిత్రాన్ని ఫ్రాన్సులో 18 ఏళ్లలోపు వారు చూడకుండా నిషేధించారు. ఇంతటి జుగుప్స మనిషిని ఎందుకు లాగుతుంది, ఆ కోరికను తీర్చడంలో దర్శకుడు ఏ హద్దు దాటితే తప్పు చేసినట్టు అన్నవి వేర్వేరు ప్రశ్నలుగా కనిపిస్తాయి గాని, మొదటిది తేలితే తప్ప రెండోది తేలదు.

ఈ ఆకర్షణ సినిమాతో పుట్టినది కాదు. భరతుని నాట్యశాస్త్రం భయానకాన్ని, బీభత్సాన్ని రెండు వేర్వేరు రసాలుగా లెక్కించి, మొదటిదానికి భయాన్ని, రెండోదానికి జుగుప్సను స్థాయిభావాలుగా, అంటే రసంగా పరిణమించే మూలభావాలుగా చెప్పింది. బీభత్సంలో కూడా నెత్తురు మొదలైనవాటి వల్ల కలిగేదాన్ని క్షోభజమనీ, మలం, పురుగులు వంటివాటి వల్ల కలిగేదాన్ని ఉద్వేగి అనీ విడదీసింది. నేటి గోర్ చిత్రం భయాన్ని, జుగుప్సను ఒకే దృశ్యంలో కలిపి వడ్డిస్తుంది కనుక ఆ పాత విభజన ఇప్పటికీ పనికివస్తుంది. అయితే అదే గ్రంథం యుద్ధాన్ని, మరణాన్ని, నగర ముట్టడిని అంకంలో ప్రత్యక్షంగా చూపరాదనీ, ప్రవేశకం ద్వారా, అంటే అంకాల నడుమ చిన్న పాత్రల మాటల ద్వారా, తెలియజేయాలనీ నియమం పెట్టింది. ఆచరణలో ఆ కట్టుబాటు అన్నిచోట్లా నిలవలేదు. కేరళ కథకళిలో ‘దుర్యోధనవధ’ ఆడేటప్పుడు రౌద్రభీముడు దుశ్శాసనుని పొట్ట చీల్చి, ఎర్రని ద్రవంలో తడిపిన పేగులను ప్రేక్షకుల ఎదుటే బయటకు లాగుతాడు. తిక్కన కర్ణపర్వాన్ని చదివిన తెలుగువారికి ఆ ఘట్టం కొత్తది కాదు. కాని దాని వెనుక నిండుసభలో ద్రౌపదికి జరిగిన అవమానం, భీముని ప్రతిజ్ఞ, పదమూడేళ్ల వనవాస అజ్ఞాతవాసాలు ఉన్నాయి కాబట్టి అక్కడ ప్రతి నెత్తుటి బొట్టూ కథ బరువును మోస్తుంది. ఆ బరువు లేని నెత్తురు గురించే అసలు తగవంతా.

ఐరోపాలో ఈ కోరికను నిలకడైన వ్యాపారంగా మలచిన వేదికల్లో ప్రసిద్ధమైనది పారిస్ నగరంలోని పిగాల్ ప్రాంతంలో, ఒకప్పటి ప్రార్థనాలయంలో, 1897లో ఆస్కార్ మెతెనియే స్థాపించిన గ్రాన్ గిన్యోల్ నాటకశాల. మూడు వందల సీట్లు కూడా లేని ఆ చిన్న శాలలో కళ్లు పెరకడం, గొంతు కోయడం, ముఖాన ఆమ్లం పోయడం ప్రేక్షకుడికి అతి దగ్గరలో జరిగేవి. భయానక నాటికల మధ్య హాస్య నాటికలు వేసి, మనసు తేలికపడగానే మళ్లీ అదరగొట్టేవారు. 1962లో అది మూతపడినప్పుడు, నాజీ మరణశిబిరాల వాస్తవం తెలిసిన తరానికి కల్పిత ఘోరం వెలవెలబోయిందని దాని చివరి నిర్వాహకుడు అభిప్రాయపడ్డాడు. ఆ మరుసటి ఏడాదే అమెరికాలో హెర్షెల్ గార్డన్ లూయిస్ పాతిక వేల డాలర్లలోపు ఖర్చుతో ‘బ్లడ్ ఫీస్ట్’ తీశాడు. అంతకు మూడేళ్ల కిందట హిచ్‌కాక్ ‘సైకో’లో నలుపు తెలుపుల తెరమీద నెత్తురుగా కనిపించినది చాక్లెట్ సిరప్, లూయిస్ మాత్రం ఎర్రని రంగునే తన చిత్రానికి ముఖ్య సరుకుగా చేశాడు. నటన, కథ రెండూ నాసిగా ఉన్న ఆ చిత్రాన్ని చరిత్రకారులు తొలి గోర్ చిత్రంగా లెక్కిస్తారు.

ఆ తరువాతి కాలంలో ఈ పని ఒక గొప్ప హస్తకళగా ఎదిగిందన్న సంగతిని విమర్శకులు తరచుగా విస్మరిస్తారు. ‘ది ఎక్సార్సిస్ట్’కు మేకప్ చేసిన డిక్ స్మిత్ మొక్కజొన్న సిరప్‌లో ఆహారపు రంగులు, మరికొన్ని పదార్థాలు కలిపి, చర్మం మీద నిజమైన నెత్తురులా జారే మిశ్రమాన్ని రూపొందించాడు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యానికి ఛాయాగ్రాహకుడిగా పనిచేసిన టామ్ సవీనీ, అక్కడ కళ్లారా చూసిన శవాల జ్ఞాపకంతోనే 1978 నాటి ‘డాన్ ఆఫ్ ది డెడ్’ వంటి చిత్రాలలో గాయాలను మలిచానని చెప్పుకున్నాడు. లేటెక్స్ తొడుగులు, దాచిపెట్టిన రబ్బరు గొట్టాలు, ముందే కోసి అతికించిన కృత్రిమ చర్మం, వీటన్నిటినీ క్షణకాలపు కత్తివేటుకు తగ్గట్టు అమర్చడం గారడీవాని హస్తలాఘవానికి తీసిపోని విద్య. గోర్ అభిమానులలో చాలామంది గాయాన్ని చూస్తూనే అది ఎలా చేశారో ఆలోచిస్తారు, మేకప్ నిపుణుల పేర్లు గుర్తుపెట్టుకుంటారు. ఆ మెప్పుకోలులో క్రూరత్వం లేదు.

అసలు చూడాలని ఎందుకనిపిస్తుందన్న ప్రశ్నకు ప్రాచీన గ్రీకులు రెండు వైపుల నుంచి జవాబిచ్చారు. ప్లేటో ‘రిపబ్లిక్’లో లియాంటియస్ అనే వ్యక్తి ఊరి గోడ పక్కన పడివున్న శవాలను చూడాలన్న కోరికతోనూ, చూడకూడదన్న రోతతోనూ పెనగులాడి, చివరికి కోరికకే ఓడిపోతాడు. అరిస్టాటిల్ మాత్రం, ఎదురుగా చూస్తే బాధ కలిగించే శవాల వంటివాటినే అనుకరణలో చూసినప్పుడు మనిషి ఆనందిస్తాడని అన్నాడు. ఈ రెండోమాటకు ఆధునిక మనస్తత్వ శాస్త్రం బలమైన సాక్ష్యం చూపింది. జొనాథన్ హైట్, క్లార్క్ మెకాలీ, పాల్ రోజిన్ అనే పరిశోధకులు 1990లలో కళాశాల విద్యార్థులకు పశువధశాల, ముఖానికి జరిగే శస్త్రచికిత్స వంటి వాస్తవ దృశ్యాల వీడియోలు చూపి, ఇష్టం లేనప్పుడు ఆపేయవచ్చని చెప్పారు. వారిలో అత్యధికులు చివరిదాకా చూడలేక మధ్యలోనే ఆపేశారు. థియేటరులో ఇంతకంటే ఘోరాన్ని కేరింతలతో చూసే వయసువారే వీరు. దృశ్యం ఒకటే అయినా, ఇది కల్పన అన్న ఎరుక ఉన్నప్పుడే అది ఆనందమవుతుంది.

ఆ ఎరుక కంచెలా నిలిచినంతకాలం ప్రేక్షకుడు తన మరణభయాన్ని, తన దేహం ఎంత సున్నితమైనదో అన్న స్పృహను ప్రమాదం లేకుండా తాకి చూడగలుగుతాడు. కోవిడ్ తొలి నెలల్లో జరిపి 2021లో ప్రచురించిన ఒక అధ్యయనంలో కోల్టన్ స్క్రివ్‌నర్, మాథియాస్ క్లాసెన్ బృందం భయానక చిత్రాల అభిమానులు ఆ కష్టకాలంలో ఇతరులకంటే తక్కువ మానసిక కలతకు లోనైనట్టు గమనించింది. సినిమాలే ఆ గుండెదిటవు ఇచ్చాయా, గుండెదిటవు ఉన్నవారే అలాంటి సినిమాలు చూస్తారా అన్నది దానివల్ల తేలదు గాని, గోర్ అభిమాని అంటే మనసు చెడినవాడన్న తేలిక తీర్పు నిలవదు.

ఇంత ఆనందానికీ ఆధారం కల్పన అనే కంచె అయితే, ఆ కంచెను దర్శకుడే కూల్చినప్పుడు ఏం జరుగుతుందో ఇటలీ దర్శకుడు రుజ్జేరో దెయొదాతో 1980లో విడుదల చేసిన ‘కేనిబాల్ హోలోకాస్ట్’ చెబుతుంది. అమెజాన్ అడవుల్లోని తెగలపై డాక్యుమెంటరీ తీయడానికి వెళ్లిన యువ బృందం మాయమవుతుంది. వారిని వెతుకుతూ వెళ్లిన మానవశాస్త్రవేత్తకు దొరికిన రీళ్లలో, సంచలన దృశ్యాల కోసం ఆ బృందమే గుడిసెలు తగలబెట్టి, అత్యాచారం చేసి, చివరికి ఆ తెగవారి చేతిలో చచ్చిన వైనం కనబడుతుంది. పాత్రలే చిత్రీకరించినట్టుగా దొరికిన రీళ్ల రూపంలో కథ చెప్పే ఈ పద్ధతిని ఫౌండ్ ఫుటేజ్ అంటారు. 1999లో ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ దీన్నే ప్రపంచమంతటా పరిచయం చేసింది.

దెయొదాతో కలిగించిన నమ్మకం ఎంత గట్టిదంటే, విడుదలైన కొద్దిరోజులకే మిలాన్‌లో అధికారులు ప్రతులను జప్తు చేశారు. నటులను నిజంగానే చంపారేమోనన్న అనుమానం కూడా దర్శకునిపై వచ్చింది. చిత్రం నిజమన్న భ్రమ కోసం ఏడాదిపాటు బయట కనబడవద్దని నటులతో ఒప్పందం చేసుకున్నవాడే, చివరికి వారిని సజీవంగా చూపించి బయటపడాల్సి వచ్చింది. శూలానికి గుచ్చిన స్త్రీ దృశ్యంలో నటి ఇనుప కడ్డీకి బిగించిన సైకిలు సీటు మీద కూర్చుని, నోట్లో తేలికైన బాల్సా కర్ర ముక్క పట్టుకుందని కూడా వివరించాల్సి వచ్చింది. మనుషుల విషయంలో అంతా మాయే. కాని కోఆటి అనే పొడుగుముక్కు అడవి జంతువు, పెద్ద తాబేలు, కోతి, పంది తదితర ప్రాణులను ఆ చిత్రం కోసం కెమెరా ముందు నిజంగానే చంపారు; కోతి దృశ్యాన్ని రెండోసారి తీయవలసి రావడంతో రెండు కోతులు బలయ్యాయి.

ప్రసార మాధ్యమాల సంచలన దాహాన్ని ఎండగట్టడమే తన ఉద్దేశమని దెయొదాతో చెప్పుకున్నాడు. ఆ ఉద్దేశాన్ని పూర్తిగా నమ్మినా సరే, దృశ్యం కోసం ప్రాణం తీయడాన్ని ఖండించే చిత్రం దృశ్యం కోసమే ప్రాణాలు తీసిందన్న వైరుధ్యం తొలగదు. పైగా కొలంబియాలో అక్కడి స్థానికులతో తీసిన ఆ చిత్రం, వెనెజువెలా, బ్రెజిల్ దేశాల అడవుల్లో నివసించే యానోమామి ప్రజల పేరును నరమాంస భక్షకులకు తగిలించింది. మనిషి చావును సిరప్‌తో సృష్టించగలిగిన చేతికి తాబేలు చావును సృష్టించడం అసాధ్యమేమీ కాదు. ఖర్చుకూ, శ్రమకూ వెనుకాడి నిజమైన ప్రాణాన్ని వాడుకోవడం కళ పేరిట జరిగిన హింసే. సాంకేతికంగా ఎంతటి మార్గదర్శక చిత్రమైనా ఆ దృశ్యాలకు మినహాయింపు ఇవ్వడానికి వీల్లేదు.

నిజమైన ప్రాణి ఏదీ గాయపడని చిత్రాలలో ప్రశ్న మరో రూపం తీసుకుంటుంది. చనిపోతున్న పాత్రకు అంతకుముందు ఒక బతుకు ఉందా, ప్రేక్షకుడు ఎవరి పక్షాన నిలబడి చూస్తున్నాడు అన్నది అప్పుడు ముఖ్యమవుతుంది. 2016 నాటి ‘టెరిఫైయర్’ మొదటి భాగంలో ఒక యువతిని నగ్నంగా తలకిందులుగా వేలాడదీసి రంపంతో కోసే సుదీర్ఘ దృశ్యం మీద వచ్చిన విమర్శ సరైనదే. అక్కడ ఆమె మేకప్ నైపుణ్యానికి ఒక సామగ్రిగా మిగిలిపోయింది తప్ప మనిషిగా మిగలలేదు. దీనికి పూర్తిగా భిన్నంగా, ఫ్రెంచి దర్శకురాలు కొరాలీ ఫార్జా 2024లో తీసిన ‘ది సబ్‌స్టెన్స్’ ముగింపులో సభనంతా నెత్తుటితో తడిపేస్తుంది. అయినా వయసు మళ్లిన నటిని పారేసే పరిశ్రమ మీద పుట్టిన ఆగ్రహం ప్రతి దృశ్యంలోనూ ఉంది కనుక ప్రేక్షకుడు ఆ దేహంతోపాటే నలుగుతాడు. ఆ చిత్రానికి మేకప్ విభాగంలో ఆస్కార్ పురస్కారం కూడా దక్కింది. నెత్తురు ఎంత కారిందన్న కొలత చిత్రపు విలువను చెప్పదు.

ఈ తేడా రసజ్ఞతకు మాత్రమే సంబంధించినది కాదని చెప్పే పరిశోధన ఉంది. డేనియల్ లింజ్, అతని సహచరులు 1984లో ప్రచురించిన ప్రయోగంలో, స్త్రీలపై హింసను చూపే చిత్రాలను వరుసగా అయిదు రోజులు చూసిన యువకులలో రోజురోజుకూ కలత తగ్గింది. ఆ తరువాత అత్యాచార కేసు విచారణ చూపినప్పుడు వారు బాధితురాలికి జరిగిన హానిని తక్కువగా అంచనా వేశారు. 1995లో లింజే మరొకరితో కలిసి చేసిన అధ్యయనంలో ఇలాంటి మొద్దుబారడం కొద్దిరోజుల్లో సర్దుకున్నట్టు తేలింది. ఈ చిత్రాలు చూసినవారు హంతకులవుతారనడానికి ఇవేవీ రుజువు కావు; అదేపనిగా చూస్తే సానుభూతి తాత్కాలికంగానైనా తగ్గుతుందన్నదాన్ని మాత్రం కొట్టిపారేయలేము.

ప్రభుత్వాల స్పందన చాలాకాలం గందరగోళంగానే సాగింది. 1980లలో వీడియో క్యాసెట్లు ఇళ్లలోకి వచ్చినప్పుడు బ్రిటన్‌లో పత్రికలు లేపిన ఆందోళన ఫలితంగా 72 చిత్రాలు అనుమానితుల జాబితాకెక్కాయి. వాటిలో గంభీరమైనవీ, పనికిమాలినవీ ఒకే గాటన కట్టబడ్డాయి. 1984 చట్టంతో వీడియోలకూ ధ్రువీకరణ తప్పనిసరైంది. తరాలు మారాక, 2011లో బ్రిటిష్ చలనచిత్ర వర్గీకరణ బోర్డు ‘కేనిబాల్ హోలోకాస్ట్’లో కోఆటిని చంపే 15 సెకన్లను మాత్రమే తొలగించి, శూలదృశ్యంతో సహా కల్పిత హింసనంతా పెద్దలకు అనుమతించింది. కల్పితమైన ఘోరానికీ నిజమైన ఘోరానికీ నడుమ గీత గీసిన ఆ నిర్ణయం, కత్తెరతో నెత్తురును కొలిచే పాత అలవాటుకంటే ఎంతో మేలైనది.

భారతదేశంలో సినిమాల్లో జంతువులను వాడాలంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి కావాలి కనుక దెయొదాతో చేసిన పని ఇక్కడ చట్టవిరుద్ధం. మన లోపం మరోచోట ఉంది. కేంద్ర సెన్సార్ బోర్డు ‘ఎ’ ధ్రువీకరణ ఇచ్చిన చిత్రానికి 18 ఏళ్లలోపు వారిని అనుమతించరాదు. అయినా 2025లో వచ్చిన ‘హిట్: ది థర్డ్ కేస్’ వంటి నెత్తుటి తెలుగు చిత్రాలు ‘ఎ’తోనే విడుదలవుతున్న రోజుల్లో, తల్లిదండ్రుల ఒళ్లో కూర్చుని అలాంటివి చూసే పసిపిల్లలు థియేటర్లలో కనబడుతూనే ఉన్నారు. కల్పన అన్న ఎరుకే ఈ ఆనందానికి ఆధారమైనప్పుడు, ఆ ఎరుక ఇంకా గట్టిపడని పిల్లలకు మిగిలేది భయం ఒక్కటే. 2021 నాటి నిబంధనల ప్రకారం ఓటీటీ వేదికలు వయోపరిమితితోపాటు చిత్రంలో ఏముందో కూడా తెలపాలి. థియేటరు పోస్టరు మీద కూడా ‘ఎ’ అనే ఒంటి అక్షరంతో సరిపెట్టకుండా దాని కారణాన్ని స్పష్టంగా రాయాలి. థియేటరు యాజమాన్యాలు గేటు దగ్గర వయసు చూడాలి. తల్లిదండ్రులు ఆ అక్షరాన్ని చూసి పిల్లలతో వెనక్కి తిరగాలి.