తుక్కు కమాన్ కట్ట, 22 అంగుళాల గీత

“హెర్న్‌డన్‌లోనే ఉంటావు కదా, పాత జీపుల్ని తుక్కు కమాన్ కట్టలతో పైకి లేపే పిచ్చి మీద ముఖచిత్ర కథనం కావాలి. బుధవారం రాత్రికి పేజీలు కట్టేయాలి. బురద ఫోటోలు మర్చిపోకు” అన్నారు ఎడిటర్ గారు. బురదకేం, కావలసినంత ఉంది. కానీ నన్ను కూర్చోబెట్టి మళ్లీ మళ్లీ చదివించింది మాత్రం హెర్న్‌డన్ ఉన్న వర్జీనియా రాష్ట్రపు కోడ్‌లోని 46.2-1063 సెక్షన్.

చిన్న సెక్షనే. ప్యాసింజర్ వాహనంగా రిజిస్టరైన బండి ఎత్తు మార్చుకోవచ్చు. అయితే బంపర్ కింది అంచు నేల నుంచి 14 అంగుళాలకు తగ్గకూడదు, 22 దాటకూడదు. బంపర్‌కి తగిలించుకున్న గార్డులు లెక్కలోకి రావు. అదే ట్రక్కుగా రిజిస్టరైతే కథ వేరు. మొత్తం బరువు రేటింగు 4,500 పౌండ్ల లోపు ఉంటే ముందూ వెనకా 28 అంగుళాల దాకా పోవచ్చు. 4,501 నుంచి 7,500 పౌండ్ల మధ్య ఉంటే ముందు 29, వెనక 30. అంటే ట్రక్కుగా రిజిస్టరైన పికప్పునీ ప్యాసింజర్ వాహనంగా రిజిస్టరైన జీపునీ పక్కపక్కన నిలబెట్టి, రెండింటి బంపర్లనూ 25 అంగుళాలకు లేపితే, మొదటిది దర్జాగా రోడ్డెక్కుతుంది, రెండోది ఏడాదికోసారి జరిగే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్‌లోనే ఆగిపోవాలి. ఇక్కడ నంబర్ ప్లేటు రకాన్ని బట్టే ఎత్తు.

మామూలుగా ఇలాంటి నిబంధనలంటే నాకు వెటకారం. ఈసారి మాత్రం చట్టం వైపే ఉన్నాను. కార్ల బంపర్లను అమెరికా కేంద్ర ప్రమాణం 16 నుంచి 20 అంగుళాల ఎత్తులో గుద్ది పరీక్షిస్తుంది. ఆ నియమం కార్లకే. ఎస్‌యూవీలకూ పికప్పులకూ వర్తించదు. సాయంత్రం రూట్ 28 మీద బ్రేకు పడే ట్రాఫిక్‌లో, మీ ముందున్న సివిక్ బంపర్‌ని తాకకుండా నేరుగా డిక్కీలోకి దూరే జీపుని ఊహించుకోండి. 22 అంగుళాల గీత అక్కడ పనికొస్తుంది.

ఈ సెక్షన్‌లోనే మరో వాక్యం ఉంది: హెవీ డ్యూటీ షాక్ అబ్జార్బర్లు, ఓవర్‌లోడ్ స్ప్రింగులు వేసుకోవడానికి ఇది అడ్డు కాదు. కమాన్ కట్టకి తుక్కు పట్టీలు చేర్చేవాళ్లు దీన్ని పట్టుకుని వేలాడతారు. స్ప్రింగు చేర్చడానికి అనుమతి ఉంది, నిజమే. దాంతో బంపర్ గీత దాటడానికి కూడా అనుమతి వచ్చిందని చదువుకోవడం మాత్రం అత్యాశ.

ఇక బండి. 1984 నుంచి 2001 దాకా వచ్చిన జీపు చెరోకీ, పెట్టెలా చదరంగా ఉండేది. అభిమానులు ఎక్స్‌జే అంటారు. ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు, అంటే పేర్చి బిగించిన ఉక్కు పట్టీలు. పాతికేళ్లు మోశాక కట్టలో వంపు చచ్చి వెనక భాగం కుంగిపోతుంది. కొత్త లిఫ్ట్ కిట్టు వందల డాలర్లు, మంచిదైతే వెయ్యి పైనే. అందుకని మన పానా మనమే పట్టుకెళ్లి విప్పుకునే తుక్కు యార్డుకి పోయి, షెవర్లే ఎస్-10 పికప్పు వెనక కట్టలు విప్పుకొస్తారు. ఎక్స్‌జే పట్టీలాగే ఎస్-10 పట్టీ వెడల్పు కూడా రెండున్నర అంగుళాలు. ఈ ఉపాయమంతా ఆ రెండున్నర మీదే నిలబడింది.

నేను చూసిన పని ఓ గుంటూరు కుర్రాడి గ్యారేజీలో, తలుపు సగం దించి. డ్రైవ్‌వేలో బండి విప్పితే వాళ్ల కాలనీ సంఘం నుంచి ఉత్తరం వస్తుందట. నేల మీద రెండు కట్టలున్నాయి, ఒకటి జీపుది, ఒకటి పికప్పుది. కట్టని కుట్టినట్టు పట్టుకునేది మధ్యలో ఉండే సెంటర్ బోల్టు. దానికి చెరోవైపు సీ-క్లాంపు బిగించాడు. “కొంచెం వెనక్కి జరగండన్నా, విడిచిందంటే ముఖానికే వస్తుంది” అని నట్టు తీశాడు. తర్వాత క్లాంపుల్ని పావు చుట్టు అటు, పావు చుట్టు ఇటు వదులుతుంటే పట్టీలు కిర్రుమంటూ ఒక్కొక్కటే విచ్చుకున్నాయి, మధ్యనుంచి తుప్పు పొడి రాలింది. జీపు కట్టలో రెండు చివర్లా కళ్లున్న పైపట్టీ అలాగే ఉంచాడు, ఎందుకంటే బుష్‌లూ షాకిళ్లూ దానికే సరిపోతాయి. దాని కింద పికప్పు పట్టీల్ని పొడుగు నుంచి పొట్టికి, మెట్లు దిగినట్టు పేర్చాడు. వంపు ఎక్కువున్న పట్టీలు పైపట్టీని కూడా వంచుతాయి, బండి లేస్తుంది. మామూలుగా రెండు నుంచి మూడున్నర అంగుళాలు. పట్టీని వేడిచేసి వంచడం, వెల్డింగు పెట్టడం నిషిద్ధం. పదును పోయి రోడ్డు మీద విరుగుతుంది.

చవక ఇక్కడితో అయిపోతుంది. నా అనుమానం మొదలయ్యేదీ ఇక్కడే. యూ బోల్టులు ఒకసారి బిగిస్తే సాగుతాయి, కొత్తవి కొనాలి. షాక్ అబ్జార్బర్లు పొట్టివైపోతాయి, బ్రేకు హోసు లాగినట్టవుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారి యూజే క్రాస్ దగ్గర వణుకు పుడుతుంది. అప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసుని కొంచెం దించాలి. ముందు వైపు వీ8 గ్రాండ్ చెరోకీ కాయిళ్లు వేస్తే కొంత లేస్తుంది కానీ, యాక్సిల్‌ని అడ్డంగా పట్టే ట్రాక్ బార్ దాన్ని డ్రైవర్ వైపుకి లాగుతుంది. వీటన్నిటికీ డబ్బు లేనివాడు కట్టలు కూడా విప్పకుండా ఉండటమే మంచిది.

ఎడిటర్ గారు చరిత్ర కూడా కావాలన్నారు కాబట్టి: కమాన్ కట్ట గుర్రబ్బగ్గీల కాలం సరుకు, 1804లో లండన్‌లో ఒబదయా ఇలియట్ ఎలిప్టిక్ స్ప్రింగుకి పేటెంటు తీసుకున్నాడు, రెండో ప్రపంచ యుద్ధపు విల్లీస్ జీపుకి నాలుగు మూలలా కమాన్ కట్టలే, 1947లో మహీంద్రా దాన్ని బొంబాయికి తెచ్చి బిగించడం మొదలెట్టింది, మన పల్లెల్లో ట్రిప్పులు కొట్టిన జీపులన్నీ ఆ వంశమే.

పని అయ్యాక ఈ జీపులవాళ్లు వెళ్లేది జార్జ్ వాషింగ్టన్ జాతీయ అరణ్యంలోని పీటర్స్ మిల్ రన్ బాటకి. రాళ్లే రాళ్లు. ఫోటోలు అక్కడివే.

పెట్టె 1: టేపు ముందు, పానా తర్వాత

విప్పకముందే బంపర్ కింది అంచుని కొలవండి. 22కీ దానికీ మధ్య తేడాయే మీకు మిగిలిన ఎత్తు. టైరు వ్యాసం రెండంగుళాలు పెంచితే అందులో ఒక అంగుళం ఖర్చు. షాకిల్ రెండంగుళాలు పొడిగిస్తే వచ్చే ఎత్తు సుమారు అంగుళమే. ముందు వైపు ఎత్తుకి దిమ్మెలు పెట్టడం వర్జీనియాలో కుదరదు. వెనక పెట్టినా, గట్టిగా తొక్కినప్పుడు కట్ట ఎస్ ఆకారంలో మెలిక పడుతుంది.

పెట్టె 2: కమ్మరి కొట్టు

హెర్న్‌డన్ ఊళ్లో ఉండిన మోఫెట్ కమ్మరి కొట్టుని ఫ్రైయింగ్ పాన్ ఫార్మ్ పార్కులోకి తరలించి నిలబెట్టారు. తుక్కు కమాన్ పట్టీ కమ్మరికి కూడా పనికొస్తుంది: అమెరికాలో కత్తులు చేసేవాళ్లకి ఇష్టమైన 5160 ఉక్కు స్ప్రింగు ఉక్కే. మన కమ్మర్లు లారీ కమాన్ పట్టీతో కొడవలీ గొడ్డలీ సాగగొట్టేదీ అందుకే.

పెట్టె 3: మన దగ్గరైతే

విజయవాడ ఆటోనగర్‌లో కమాన్ పని వచ్చిన చేతులకి కొదవ లేదు, అడ్డు చట్టమే. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. వర్జీనియాలోలా “ఇన్ని అంగుళాల దాకా” అనే వెసులుబాటు అందులో లేదు. మార్పు చేసే ముందు ఆర్టీఏ ఆఫీసులో అడగండి, చేశాక కాదు.