అక్షరం పోవాలి.. రంగు మిగలాలి!

‘ఖాళీ టైమ్‌లో ఏం చేస్తారు?’ ఇంటర్వ్యూలో ఈ ప్రశ్నకు ‘పాటలు వింటా, క్రికెట్‌ చూస్తా’ అంటే మాట అక్కడితో అయిపోతుంది. ‘మోడల్‌ రైలు పెట్టెల మీద కంపెనీ ముద్రించిన అక్షరాలను రంగు చెడకుండా తీస్తా’ అని చెప్పి చూడండి. ‘ఎలా?’ అని అడగకుండా ఉండలేరు. ఆ ‘ఎలా’కు జవాబులో బోలెడంత ఇంజినీరింగ్‌ ఉంది.

ఎందుకు తీయాలి?

కొత్తకోటకు దగ్గర్లోని వనపర్తి రోడ్‌ స్టేషన్‌లో గూడ్స్‌ బండి ఆగితే గమనించండి. ప్రతి వ్యాగన్‌కూ 11 అంకెల నంబరు ఉంటుంది. మొదటి రెండు వ్యాగన్‌ రకం, తర్వాతి రెండు ఏ రైల్వేదో, ఆపై రెండు తయారైన సంవత్సరం, నాలుగు వరుస సంఖ్య, చివరిది తప్పును పట్టించే చెక్‌ డిజిట్‌. మోడల్స్‌లో మాత్రం ఒకే రకం ఐదు కొంటే ఐదింటి మీదా ఒకే నంబరు ఉండొచ్చు. అందుకే పాతది తీసి కొత్తది అంటిస్తారు. హెచ్‌వో స్కేలు 1:87. అంటే అసలు బండిపై 87 మి.మీ. ఉన్న అక్షరం ఇక్కడ 1 మి.మీ. మాత్రమే!

ఇలా చేయండి

* ఈ అక్షరాలను ఎక్కువగా ప్యాడ్‌ ప్రింటింగ్‌తో వేస్తారు. రంగు పైన పలుచని సిరా పొర అన్నమాట. మీ గురి ఆ పొర ఒక్కటే.
* పెట్టెను సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. ఏ ద్రావణమైనా ముందు అడుగు భాగాన, కనపడని చోట పరీక్షించండి.
* మొదట డీకాల్‌ను మెత్తబరిచే ద్రావణం అక్షరంపై అద్ది, కొన్ని నిమిషాలు ఆగి, ఇయర్‌బడ్‌తో మెల్లగా రుద్దండి. మూలల్లో టూత్‌పిక్‌ వాడండి.
* కదలకపోతే నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్‌ ఆల్కహాల్‌ వాడండి. మొబైల్‌ రిపేర్‌ షాపుల్లో బోర్డులు తుడిచేది ఇదే. నానబెట్టొద్దు, కొన్ని రంగులు దీనికీ కరుగుతాయి. బడ్‌కు పెట్టె రంగు అంటిందా, వెంటనే ఆపేయండి.
* అసిటోన్, నెయిల్‌పాలిష్‌ రిమూవర్‌ జోలికి పోవద్దు. రంగుతో పాటు పాలీస్టైరిన్‌ ప్లాస్టిక్‌ కూడా కరుగుతుంది.
* రుద్దిన చోట మెరుపు తేడా వస్తే కొత్త నంబరు అంటించాక మ్యాట్‌ క్లియర్‌ కోటు వేయండి.

కిటికీలు తెరిచి, గ్లవ్స్‌ వేసుకుని, మంటకు దూరంగా ఈ పని చేయాలి.

ఉద్యోగానికేం సంబంధం?

స్విచ్‌లు, కీబోర్డులు, సిరంజిల మీదా ప్యాడ్‌ ప్రింటింగే ఉంటుంది. ద్రావణంతో ఎన్నిసార్లు రుద్దితే ముద్ర చెరుగుతుందో క్వాలిటీ విభాగాల్లో పరీక్షిస్తారు. రంగు పట్టును చూసే క్రాస్‌కట్‌ పరీక్షకు ఐఎస్‌వో 2409 ప్రమాణం ఉంది. అక్కడ ముద్ర నిలవాలి, ఇక్కడ పోవాలి. సూత్రం ఒక్కటే. హైదరాబాద్‌లో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్‌ లాంటి ప్రోటోటైపింగ్‌ కేంద్రాల్లోనూ ఉపరితలం గురించి తెలిసిన చేతికి పని ఉంటుంది.

మోడల్‌ రైలు ఖరీదెక్కువ అనిపిస్తే ఇంట్లో పడున్న పాత బొమ్మ కారుతో మొదలుపెట్టండి. ఏ ద్రావణం, ఎన్ని నిమిషాలు, ఏమైంది.. అన్నీ పట్టికలో రాయండి. పని చేయనివీ రాయండి. ముందు, తర్వాత ఫొటోలు తీయండి. రెజ్యూమెలో ‘ఓపిక ఎక్కువ’ అని రాసుకునే కన్నా ఆ పట్టిక చూపించడం మేలు.