ఈ-మైగ్రేట్

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో దుబాయి పోయినోళ్లు లేని వాడ అరుదు. వీసా చేతికి రాగానే పెట్టె సర్దేస్తారు గానీ, పదో తరగతి పాసు కానివాళ్లకు మధ్యలో ఇంకో గడప ఉంది. వాళ్ల పాస్‌పోర్టు మీద 'ఈసీఆర్' అని ఉంటుంది. అంటే గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే 1983 నాటి వలసల చట్టం కింద ముందుగా అనుమతి తప్పనిసరి. ఆ అనుమతికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసే కేంద్ర ప్రభుత్వ పోర్టలే ఈ-మైగ్రేట్. యజమాని పేరు, జీతం, ఒప్పందం అందులో నమోదవుతాయి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల బీమా కూడా చేయించాలి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు.

చిక్కంతా విజిట్ వీసాతోనే. దానికి ఈ అనుమతి అక్కర్లేదు. "ముందు విజిట్ మీద పో తమ్మీ, ఆడికి పోయినంక మార్పిస్త" అనే ఏజెంటు తప్పించుకునేది సరిగ్గా ఈ నమోదునే. అక్కడ జీతం ఎగ్గొట్టినా చూపడానికి ఒప్పందం ఉండదు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో అదే పోర్టల్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. లైసెన్సున్న ఏజెంటైనా సేవా రుసుము కింద 30 వేల రూపాయలు, జీఎస్టీ మించి తీసుకోకూడదు.