సంతకం ఎవరిది?

"అమ్మాయికి మత్తిచ్చేశాం. గర్భసంచి తీసెయ్యాలంటున్నారు డాక్టరు గారు, ఇక్కడ సంతకం పెట్టండి" అని థియేటరు తలుపు దగ్గర కాగితం అందిస్తే ఏ తల్లి మాత్రం కాదనగలదు, చెప్పండి!

1995లో ఢిల్లీలో దాదాపు ఇలాగే జరిగింది. బహిష్టు స్రావం ఎక్కువవుతోందని వెళ్లిన 44 ఏళ్ల అవివాహితకు, కారణం తెలుసుకోవడానికి లాపరోస్కోపీ మొదలుపెట్టారు. ఆమెకు స్పృహ లేదు. బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచీ, రెండు అండాశయాలూ తీసేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రాణాపాయం లేనప్పుడు, కాసేపట్లో మెలకువ వచ్చే మనిషి బదులు తల్లి అనుమతి చెల్లదని 2008లో తీర్పు వచ్చింది. పరిహారం మాత్రం పాతికవేలే!

డాక్టరు దురుద్దేశంతో చేశారని కోర్టు కూడా అనలేదు. మళ్లీ మత్తు, మళ్లీ కోత తప్పుతాయనుకుని ఉంటారు. కూతురి బాధ తీరుతుందని తల్లి ఆశపడి ఉంటుంది. ఇద్దరూ మంచే కోరారు. కానీ కోల్పోయేది ఎవరో ఆ మనిషిని అడగలేదే అన్నదే నా బాధ.

అందుకే మత్తు మందుకి ముందే ఒక మాట అడగాలి. "లోపల ఇంకేదైనా కనిపిస్తే ఏం చేస్తారండీ? నన్ను లేపి అడుగుతారా?" జవాబుని ఫారం మీదే రాయించుకోవచ్చు. అండాశయాలు కూడా తీస్తారా, ఎందుకని? ముట్లు ఆగే వయసు రాకముందే అవి తీసేస్తే ఒళ్లంతా వేడి ఆవిర్లు, ఎముకల బలహీనత త్వరగా మొదలవుతాయి. మందులతోనో, హార్మోను లూపుతోనో చాలామందికి స్రావం తగ్గుతుంది. మన విషయంలో అవెందుకు పనికిరావో తెలుసుకోవద్దూ?

ఎదురడిగితే డాక్టరు గారు ఏమనుకుంటారోనని మనకో బెరుకు. "నాకు అర్థమైంది చెబుతాను, తప్పుంటే సరిదిద్దండి" అనండి. గొడవపడినట్టూ ఉండదు, విషయమూ తేలుతుంది. ఇంకొకరి సలహా కావాలంటే మీ రికార్డులు అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యమండలి నిబంధన.

ఇక "మీ ఆయన్ని పిలవండి" అనే మాట. చట్టప్రకారం చేసే అబార్షనుకైనా 18 నిండిన స్త్రీకి తన సంతకం చాలని 1971 చట్టమే చెబుతోంది. ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోవడం వేరు, అది ముందురోజే ఇంట్లో తేల్చుకోవాలి. థియేటరు గుమ్మంలో కాదు.

ఫారం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి చెప్పమనండి. ఆపరేషను పేరు రాయకుండా ఖాళీగా ఇస్తే, రాశాకే సంతకం పెడతాననండి. నర్సమ్మ విసుక్కుంటుందా? విసుక్కోనివ్వండి.